ఓడ పగిలిన రాత్రి: వైద్యుడు విలియం మెక్‌గ్రెగర్

ధ్యానభాగము: అపొస్తలుల కార్యములు 27:27 నుండి 28:10 వరకు



పౌలు ఎక్కిన ఓడలో 276 మంది యుండిరని లూకా వ్రాసెను. ఖైదీలు, సైనికులు, నావికులు అని వేరుచేయక అందరిని ఒకే లెక్కలో చేర్చెను. ఆ భాగము చదువుచుండగా మరియొక ఓడయు, దానిలోనివారికొరకు పరుగెత్తిన ఒక వైద్యుడును నాకు జ్ఞాపకమునకు వచ్చిరి.

విలియం మెక్‌గ్రెగర్ 1846 అక్టోబరు 20వ తేదీన స్కాట్లాండు దేశములో, ఆబర్డీను సీమలోని టౌయీ అను గ్రామప్రాంతమందు జన్మించెను. తండ్రి కొద్దిపాటి చేను గల పేద రైతు. పెద్దకుమారుడగుటచేత విలియం పొలములలో కూలిపని చేసెను. అయినను బడిపంతులు, ఆ ఊరి సంఘకాపరి, అచ్చటి వైద్యుడు, ఈ ముగ్గురు అతని తెలివిని గుర్తించి పై చదువునకు ప్రోత్సహించిరి. సంఘకాపరులమైన మేము ఇట్టి సంగతి చదివినప్పుడు మా ఆదివారపు బడిలో వెనుకవరుసను కూర్చుండు పిల్లలను తిరిగి చూచుకొనవలసి వచ్చును. 1866లో, పందొమ్మిదేండ్లు నిండిన తరువాత, అతడు పట్టణపు పాఠశాలలో చేరెను. 1872లో వైద్యపట్టా పొందెను.

సేషెల్సు, మారిషసు ద్వీపములలో పనిచేసి, 1875లో ఫిజీ ద్వీపములకు ప్రధాన వైద్యాధికారిగా వెళ్లెను. ఆ యేడే అక్కడ తట్టు వ్యాధి వ్యాపించి సుమారు 40,000 మంది చనిపోయిరి. అతని మొదటి పని అదే.

ఇక ఓడ సంగతి. చెరకుతోటలలో అయిదేండ్ల ఒప్పందముమీద పనిచేయుటకు మన దేశపు బీదలను 1879 మొదలుకొని ఫిజీకి ఎక్కించుచుండిరి. అది దాసత్వమునకు పెద్ద దూరమైనది కాదు. ఆ ఓడలు ఆ పనికి బయలుదేరకుండిన బాగుండెడిదని నా అభిప్రాయము. 1884 మార్చిలో కలకత్తా విడిచిన సిరియా అను తెరచాప ఓడలో దాదాపు 500 మంది యుండిరి. స్త్రీలును పిల్లలును అందులో నుండిరి. మే 11వ తేదీ ఆదివారము రాత్రి అది సువా పట్టణమునకు సుమారు 15 మైళ్ల దూరమున నసిలాయి అను పగడపు దిబ్బమీద పడెను. ఆ చోటు రేవా నది సముద్రములో కలియు డెల్టా ప్రక్కనున్నది. మన కృష్ణ పాయలుపాయలుగా కడలి చేరు హంసలదీవి వైపు చూచినవారికి అట్టి నీటి స్వభావము తెలియును: ఒడ్డు కంటికి కనబడును గాని కాలికి అందదు.

ఓడలోని పడవలు చాలవరకు చెడిపోయెను. కబురు సువా చేరుసరికి మరునాడైపోయెను. ప్రయాణికులలో అధికులకు ఈత రాదు, ఆ దేశపు భాష రాదు, వారికొరకు మాటలాడు బంధువు ఆ తీరమున ఒక్కడును లేడు. కూలివారే గదా అని తెల్లవారువరకు ఆగియుండిన అడుగువాడెవడు? మెక్‌గ్రెగరు ఆగలేదు. పడవలను, మనుష్యులను కూర్చుకొని తానే వారికి ముందుగా నడిచెను. ఫిజీవారును, తెల్లవారును కలిసి పనిచేసిరి. నసిలాయి గ్రామస్థులు సహాయమునకు వచ్చిరి. వైద్యుడు స్వయముగా కెరటములలో దిగి పలువురిని ప్రాణాలతో బయటికి తెచ్చెను. 59 మంది మరణించిరి. తక్కినవారందరు బ్రదికిరి.

మెలితే ద్వీపవాసులు తడిసిన పౌలుకు నిప్పు రాజవేసిన సంగతి ఇక్కడ గుర్తురాక మానదు. మన సీమలో కూడ వేటకు పోయిన పడవ గడువుకు రానియెడల మొదట కదలునవి ప్రక్కింటివారి పడవలే. 2022 జూలైలో మచిలీపట్నమునుండి పోయిన నలుగురు యంత్రము చెడి సముద్రములో చిక్కుకొనినప్పుడు అధికారులును, తోటి మత్స్యకారులును దినములతరబడి వెదకిరి. వారు సజీవులై ఒడ్డు చేరిరి. 1977 నవంబరు 19 ఉప్పెనలో కొట్టుకొనిపోయిన తమవారిని వెదకిన పెద్దలు ఇంకను మన సంఘములలో నున్నారు. వెదకి కనుగొనుట ఒకటి, వెదకుట మానుకొనవలసి వచ్చుట ఒకటి. రెండవది ఎంత భారమో వారినడిగి తెలిసికొనవలెను.

మెక్‌గ్రెగరు ప్రభుత్వమునకు వ్రాసిన నివేదికలో తాను చేసినది ఒక్కమాటయైనను వ్రాయలేదు. చూచినవారు చెప్పగా అది బయటికి వచ్చెను. ఆల్బర్టు పతకమును, ఆస్ట్రేలియావారి బంగారు పతకమును ఆయనకిచ్చిరి.

తరువాత ఆయన న్యూగినీలో పదియేండ్లు పరిపాలకుడై, లేగోసులో రొనాల్డు రాసు అను వైద్యునితో కూడి మలేరియాను ఎదిరించి, న్యూఫౌండ్‌లాండు, క్వీన్సులాండు దేశములకు గవర్నరుగా నుండెను. ఇవి పెద్ద పదవులే గాని, వీటిని గూర్చి వ్రాయుటకు ఇక్కడ స్థలము చాలదు.

1903 నుండి మద్రాసు రేవుమీదుగా కూడ ఓడలు ఫిజీకి సాగెను. విశాఖ, గోదావరి, కృష్ణా జిల్లాలనుండి మన తెలుగువారును అట్లే వెళ్లిరి. వారి సంతతి నేటికిని అక్కడ నున్నది.

మెక్‌గ్రెగరు 1919 జూలై 3వ తేదీన ఆబర్డీనులో నిద్రించెను. తాను కూలిపని చేసిన ఊరికే ఆయన దేహమును తీసికొనిపోయి, టౌయీ దేవాలయపు ఆవరణములో పాతిపెట్టిరి.