గురువారం సాయంత్రం జాన్‌ది

పిల్లల దగ్గర కూర్చోవడానికి తీరిక దొరకడం లేదన్న మాట మన సంఘాల్లో తల్లిదండ్రుల నోట తరచుగా వింటుంటాం. అది అబద్ధమని అనలేం. కానీ ఇంగ్లండులో లింకన్‌షైర్ ప్రాంతానికి చెందిన ఎప్‌వర్త్ అనే చిన్న ఊళ్లో, ఒక పాదిరి భార్యగా బతికిన సుసన్నా వెస్లీ సంగతి తెలిశాక ఆ మాట అనడానికి మనకు కాస్త సంకోచం కలుగుతుంది. మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన జాన్ వెస్లీకి, వేలాది కీర్తనలు రాసిన చార్లెస్ వెస్లీకి ఆమె తల్లి.

1669లో లండన్‌లో ఒక దైవసేవకుని ఇంట పాతికమంది సంతానంలో కడగొట్టు బిడ్డగా పుట్టింది. 1688లో శామ్యూల్ వెస్లీని పెళ్లాడి 19 మందిని కన్నది. వారిలో తొమ్మిదిమంది పసితనంలోనే పోయారు. భర్త పండితుడు, కవి, అయితే డబ్బు లెక్క తెలియని మనిషి. అప్పు తీర్చలేక 1705లో లింకన్ కోటలోని చెరసాలలో కొన్ని నెలలు ఉండవలసి వచ్చింది. అలాంటి ఇంట్లో ఆమె రోజుకు ఆరు గంటలు పిల్లలకు బడి నడిపింది. అయిదేళ్లు నిండిన మరునాడే అక్షరాభ్యాసం, అక్షరాలు రాగానే ఆదికాండమే వాచకం. ఆడపిల్లకు చక్కగా చదవడం వచ్చేదాకా పని నేర్పకూడదన్నది ఆమె నియమం. మూడు వందల ఏళ్ల కిందటి మాట ఇది!

ఆమె క్రమశిక్షణ అంతా మనకు నచ్చదు. ఏడాది నిండిన పసివాడికి కూడా బెత్తం భయం తెలియాలని, ఏడ్చినా మెల్లగా ఏడవాలని ఆమె అనుకుంది. అందులో ఆమెను అనుసరించమని మేం చెప్పలేం. కానీ తప్పు చేసి నిజం ఒప్పుకున్న బిడ్డను కొట్టకూడదని, ఒకే తప్పుకు రెండుసార్లు దండించకూడదని, దాన్ని మళ్లీ మళ్లీ ఎత్తిపొడవకూడదని కూడా ఆమే నియమం పెట్టింది. ఈ చివరిది మనలో ఎంతమందికి చేతనవుతుంది?

1709 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఇల్లు తగలబడిపోయింది. మేడ మీద చిక్కుకున్న అయిదేళ్ల జాన్‌ను, ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి కిటికీలోంచి దించారు. గర్భవతిగా ఉన్న ఆమె మంటల్లోంచే నడిచి బయటపడింది. తలదాచుకోవడానికి పిల్లలను తలో ఇంటికి పంపక తప్పలేదు. కొత్త ఇల్లు కట్టుకుని అందరూ తిరిగి చేరేసరికి ఏళ్ల తరబడి నేర్పినదంతా చెదిరిపోయింది. మోటు మాటలు, పిచ్చి పాటలు వచ్చాయి, ఆదివార ఆచరణ పోయింది. ఆమె నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చోలేదు, మొదటినుంచి మొదలుపెట్టింది. బడికి ముందూ వెనకా కీర్తనలు పాడించింది. సాయంత్రం అయిదు గంటలకు పెద్ద పిల్ల అందరికన్నా చిన్నదాన్ని, రెండో పిల్ల ఆ పైదాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని వాక్యం చదివి వినిపించే పద్ధతి పెట్టింది.

తరువాతి సంగతి మన దేశంతో ముడిపడింది. 1711-12 శీతకాలంలో భర్త లండన్‌లో ఉండగా, కూతురు ఎమిలీకి తండ్రి గదిలో ఒక పుస్తకం దొరికింది. తమిళ తీరంలోని తరంగంబాడికి డెన్మార్కు రాజు పంపిన మిషనరీల వృత్తాంతం అది. (తెలుగులోకి బైబిలు అనువాదానికి తొలినాళ్లలో పూనుకున్న బెంజమిన్ షుల్జ్ ఆ తరువాత అదే మిషనుకు వచ్చినవాడు.) కూతురు చదువుతుంటే విన్న సుసన్నా మనసు కుదుటపడలేదు. తాను పురుషుణ్ణి కాదు, బోధకుణ్ణి కాదు, సముద్రాలు దాటి వెళ్లలేదు. మరి తన చేతిలోని ఆత్మల మాటేమిటి? ఇంట్లో ఉన్న పిల్లల్లో ఒక్కొక్కరికి ఒక్కో సాయంత్రం కేటాయించింది. సోమవారం మోలీ, మంగళవారం హెట్టీ, బుధవారం నాన్సీ, గురువారం జాన్, శుక్రవారం పాటీ, శనివారం చార్లెస్, ఆదివారం ఎమిలీ, సూకీ ఇద్దరూ. అప్పటికి చార్లెస్‌కు నాలుగేళ్లు! ఆ సమయంలో పాఠం లేదు, తల్లీ బిడ్డా ఏకాంతంగా మాట్లాడుకోవడమే. ఆదివారం సాయంత్రాల్లో ఆమె వంటింట్లో చేసే ప్రార్థనకు ఇరుగుపొరుగు కూడా రాసాగి, రెండు వందలమంది దాకా గుమిగూడేవారు. అది వేరే కథ.

ఇంత చేసినా పిల్లలందరి జీవితాలూ చక్కబడ్డాయని రాస్తే అబద్ధమవుతుంది. ఎనిమిదేళ్లకే గ్రీకు చదివిన హెట్టీ 1725లో ఇల్లు విడిచి వెళ్లి భంగపడి తిరిగి వచ్చింది. తండ్రి ఆమెతో సమాధానపడలేకపోయాడు. ఇష్టంలేని మనువు ఆమెను ఏడిపించింది. మంగళవారం సాయంత్రాలు ఆమెవే కదా అని మనకు బాధ కలుగుతుంది. ఆ తల్లికి ఎంత కలిగిందో దేవునికే తెలియాలి.

సుసన్నా 1742లో లండన్‌లో, జాన్ నివసించే చోట కన్నుమూసింది. అంతకు పదేళ్ల ముందు, 1732లో, ఆక్స్‌ఫర్డులో అధ్యాపకుడిగా ఉన్న జాన్ తల్లికి ఒక ఉత్తరం రాశాడు. ఆయనకు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు. చిన్నప్పుడు తనకిచ్చిన గురువారం సాయంత్రంలో ఆ కాస్త సమయాన్ని మళ్లీ తన కోసం కేటాయించమని అందులో అడిగాడు.