కల్నల్ సి.కె. నాయుడు

పుట్టుకతో అధికారం సంక్రమించవచ్చును గాని నాయకత్వం సంక్రమించదు. అది స్వశక్తితో సంపాదించుకోవలసినది. సంస్థానాధీశులు క్రీడారంగాన్ని శాసిస్తున్న రోజులలో, ఏ రాజ్యానికీ వారసుడు కాని ఒక తెలుగువాడు భారత క్రికెట్ జట్టుకు తొలి టెస్టు నాయకుడైనాడు. ఆయనే కొఠారి కనకయ్య నాయుడు.

ఆంధ్రదేశం నుండి వెళ్ళి నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895 అక్టోబరు 31న నాయుడు జన్మించాడు. తాత నారాయణస్వామి నాయుడు పేరుపొందిన న్యాయవాది. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు కేంబ్రిడ్జిలో విద్యనభ్యసించినవాడు. ఏడేండ్ల ప్రాయంలోనే పాఠశాల జట్టులో చోటు సంపాదించిన నాయుడు, హిస్లాప్ కాలేజియేట్ ఉన్నత పాఠశాలలో చదువుతున్న కాలంలో ఆ జట్టుకు నాయకుడైనాడు.

ఆ రోజులలో బొంబాయి నగరంలో హిందూ, పార్సీ, ముస్లిం, యూరోపియన్ జట్ల మధ్య ఏటా జరిగే పోటీలకు దేశమంతటా గొప్ప పేరుండేది. 1916లో హిందూ జట్టు పక్షాన యూరోపియన్లతో ఆడే అవకాశం నాయుడుకు లభించింది. 79 పరుగులకే ఏడు వికెట్లు కోల్పోయి జట్టు చిక్కులలో పడిన వేళ, ఇరవై ఏండ్ల ఆ యువకుడు బ్యాటు చేపట్టాడు. మొదటి మూడు బంతులను నిబ్బరంగా అడ్డుకొని, నాలుగవ బంతిని సిక్సరుగా మలచాడు. ఓర్పు, తెగువ అనే రెండు గుణాలూ ఆ నాలుగు బంతులలోనే వ్యక్తమైనాయి.

1923లో హోల్కర్ మహారాజు ఆహ్వానంపై నాయుడు ఇందూరు చేరి, ఆ సంస్థాన సైన్యంలో ఉద్యోగం స్వీకరించాడు. 1926 డిసెంబరులో ఇంగ్లండు నుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై రెండు గంటలలోపే 153 పరుగులు చేశాడు. వాటిలో పదకొండు సిక్సర్లున్నాయి. భారతీయులు ఇంగ్లండుతో సమానంగా ఆడగలరన్న నమ్మకాన్ని ఆ ఆట కలిగించింది. 1928లో భారత క్రికెట్ నియంత్రణ మండలి ఏర్పడింది.

1932లో ఇంగ్లండు వెళ్ళిన జట్టుకు పోరుబందరు మహారాజు నాయకుడు, లింబ్డీ రాజకుమారుడు ఉపనాయకుడు. అయితే జూన్ 25న లార్డ్స్ మైదానంలో మొదటి టెస్టు ప్రారంభమయ్యేనాటికి మహారాజు తనకన్నా సమర్థులకు చోటిచ్చి తప్పుకొన్నాడు, ఉపనాయకుడు గాయపడినాడు. నాయకత్వం నాయుడును వరించింది. చేతికి గాయమైనా లెక్కచేయక ఆయన చేసిన 40 పరుగులే తొలి ఇన్నింగ్సులో భారత జట్టుకు అత్యధికం. భారతదేశం ఓడినా గౌరవం పొందింది. ఆ పర్యటనలో ఆయన ఫస్ట్‌క్లాస్ పోటీలలో 1,618 పరుగులు సాధించాడు.

1936లో నాయకత్వం విజయనగరం మహారాజకుమారునికి దక్కింది. నాయుడు సాధారణ సభ్యుడిగా ఆడవలసి వచ్చింది. ఓవల్ మైదానంలో వేగంగా వచ్చిన బంతి ఛాతీకి బలంగా తగిలినా క్రీజును వీడక 81 పరుగులు చేశాడు. అదే ఆయన చివరి టెస్టు. పదవి పోయినా ఆయన పౌరుషం తగ్గలేదు. తరువాతి కాలంలో హోల్కర్ జట్టును నాలుగు పర్యాయాలు రంజీ విజేతగా నిలిపాడు.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం అవతరించింది. ఆ ఏటి రంజీ పోటీలలో తొలిసారి అడుగిడిన ఆంధ్ర జట్టుకు, యాభై ఎనిమిదేండ్ల నాయుడు సారథ్యం వహించాడు. పరాయి ప్రాంతంలో పుట్టి పెరిగిన ఆయన, తన పూర్వికుల గడ్డపై క్రికెట్‌కు ఆ విధంగా చేయూతనిచ్చాడు.

1956లో భారత ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్ పురస్కారంతో గౌరవించింది. ఆ గౌరవం పొందిన తొలి క్రికెటర్ ఆయనే. 1967 నవంబరు 14న ఇందూరులో నాయుడు కన్నుమూశాడు. యువ క్రీడాకారులకై నిర్వహించే జాతీయ పోటీ ఆయన పేరనే జరుగుతున్నది. పాఠశాల మైదానం నుండి దేశ నాయకత్వం వరకు ఆయనను నడిపించినవి నిరంతర సాధన, నిబ్బరం. ఆ రెండూ సింహాసనాలతో పాటు వచ్చేవి కావు.