ఇంటి నీళ్ళ తొట్టిని ఊరికి విడిచిన జోతీరావు ఫూలే

ప్రతి ఏటా ఉగాదికి కాస్త ముందో వెనుకో ఏప్రిల్ 11వ తేదీ వస్తుంది. అది జోతీరావు ఫూలే గారి జన్మదినము. ఫోరస్ రోడ్డు, కామాఠీపుర తెలుగువారికి ఆయన పేరు కొత్త కాదు. అయినా మన పిల్లలలో చాలమందికి ఆయన మరాఠీ పాఠ్యపుస్తకంలోని తలపాగా బొమ్మగానే తెలుసు. ఆయనకు మనవారితో ఉన్న సంబంధమును, నీళ్ళ విషయంలో ఆయన చేసిన పనిని ఈ సంచికలో తలచుకోవడం బాగుంటుందని వ్రాస్తున్నాను.

నీళ్ళ విషయమే ఎందుకంటే ఒక సంగతి చెప్పవలెను. నా చిన్నతనంలో మా చాలులో అంతస్తుకు ఒక్కటే నల్లా. తెల్లవారుజామున బిందెలు వరుసగా పెట్టేవారు. ఆ వరుసలో ఒక ఇంటివారు నీళ్ళు పట్టుకొని పోయిన తరువాత మా నాయనమ్మ నల్లాకు రెండు చెంబుల నీళ్ళు పోసి కడిగి, ఆ తరువాతనే తన బిందె పెట్టేది. వారూ తెలుగువారే, మన జిల్లావారే. నేను చూస్తూ నవ్వేవాడిని. అందులో నవ్వవలసినది ఏమీ లేదని చాలా ఏళ్ళకు గాని తెలియలేదు.

ఫూలే గారు 1827లో పూనాలో, తోటపని చేసుకొనే మాలీ కుటుంబంలో పుట్టారు. అసలు ఇంటిపేరు గోర్హే. పేష్వాల కొలువుకు పూలు అందించడంవల్ల ఫూలే అయినది. తల్లి చిమణాబాయి పసితనంలోనే పోయింది. తండ్రి గోవిందరావు కూరగాయలు, పూల వ్యాపారం చేస్తూ కొడుకును స్కాటిష్ మిషన్ పాఠశాలలో చదివించాడు. 1848లో ఒక బ్రాహ్మణ మిత్రుని పెండ్లి ఊరేగింపులో ఆయన తక్కినవారితో సమంగా నడిచినందుకు పెండ్లివారి బంధువులు అవమానించి పంపారు. వీధి అందరిదీ అని ఎవరైనా అనుకుంటారు. వీధిలో సైతం ఎవరు ఎక్కడ నడవాలో గీతలు ఉన్నాయని ఆ యువకునికి ఆనాడు అర్థమైంది.

అదే ఏట భిడే వాడాలో ఆడపిల్లలకు బడి పెట్టారు. భార్య సావిత్రీబాయి పాఠాలు చెప్పడానికి వెళుతూ ఉంటే దారిలో పేడ, బురద విసిరేవారు. ఆమె మార్చుకొనేందుకు మరొక చీర వెంట తీసికొని పోయేది. ఊరివారి ఒత్తిడికి తండ్రి తట్టుకోలేక కొడుకునూ కోడలినీ ఇల్లు విడిచి పొమ్మన్నాడు. తరువాత మహార్, మాంగ్ పిల్లలకు బడులు, 1855లో కూలిపని చేసుకొనేవారికి రాత్రి బడి వచ్చాయి. ఇవన్నీ పుస్తకాలలో ఉన్నవే కనుక నేను త్వరగా దాటిపోతున్నాను.

నీళ్ళ కథకు వస్తాను. పేష్వాల కాలం నుండి కాత్రజ్ చెరువు నీరు కాలువ గుండా పూనా నగరానికి వచ్చి, పేటలలోని హౌదులలో, అనగా రాతి తొట్లలో, నిండేది. ఊరి నీరే, కాని అంటరానివారని పేరుపడిన వారికి అందులో చెంబు ముంచే హక్కు లేదు. ఎవరైనా దయతలచి పై నుండి పోస్తే పట్టుకోవలెను. 1868లో ఫూలే గారు గంజ్ పేటలోని తమ ఇంటి నీళ్ళ తొట్టిని వారికి విడిచిపెట్టారు. వచ్చినవారు తమ చేతితోనే ముంచుకొని పోవచ్చును.

సభలో సమానత్వం మీద ఉపన్యసించడం ఒక ఎత్తు. తన పెరటి తొట్టిలో పొరుగువాని బిందె మునగనిచ్చి, అదే నీటితో ఇంట్లో వంట చేయడం మరొక ఎత్తు. నా దృష్టిలో ఆయన వ్రాసిన పుస్తకాలన్నిటి కంటె ఈ పనే కఠినమైనది.

1873 సెప్టెంబరు 24న సత్యశోధక సమాజం ఏర్పడింది. బొంబాయిలో దానికి మొదట అండగా నిలిచినవారిలో మన తెలుగువారు ముఖ్యులు: రామయ్య వెంకయ్య అయ్యవారు, జయ కరాడి లింగు, వెంకు బాలోజి కాళేవార్, నాగు సయాజి. నిజాం రాజ్యం నుండి వచ్చి ఇక్కడ ఇండ్లకూ రోడ్లకూ రాళ్ళు మోసిన కామాఠీల నుండి కంట్రాక్టర్లుగా పైకి వచ్చిన తరం అది. ఫూలే గారు కూడ కంట్రాక్టు పనులు చేసినవారే. రాయి, సున్నం, కూలివాని చెమట ఎరిగినవారు. అయ్యవారు సమాజానికి ఒక అచ్చుయంత్రం కొని ఇచ్చాడు. పరాయి ఊరిలో సంపాదించినది గుడికో సత్రానికో ఇవ్వడం సహజం. అచ్చుయంత్రానికి ఇచ్చిన ఆ పెద్దమనిషి పేరు మన పేటలో ఎందరికి జ్ఞాపకం ఉన్నదో!

1876 నుండి 1882 వరకు ఫూలే గారు పూనా మునిసిపాలిటీ సభ్యులు. 1880లో వైస్రాయి రాక సందర్భంగా ఊరి అలంకారానికి వేయి రూపాయలు ఖర్చు పెట్టాలన్నప్పుడు, ఆ డబ్బు బీదల చదువుకు ఇమ్మని ఆయన ఒక్కరే వ్యతిరేకించారు. ఊరిలో సారాయి దుకాణాలు పెరగడంపై కూడ అదే సంవత్సరం ఫిర్యాదు చేశారు. 1888 మే నెలలో బొంబాయి మాండ్వీ కోళీవాడలో జరిగిన సభలో ప్రజలు ఆయనను మహాత్మ అని గౌరవించారు. ఆ ఏటనే పక్షవాతం వచ్చింది. 1890 నవంబరు 28న కన్నుమూశారు.

తొట్టి సంగతి ఆయనతో ముగియలేదు. ప్రభుత్వ ధనంతో నడిచే బావులు, చెరువులు, ధర్మశాలలు అందరికీ తెరవాలని బోలే గారి తీర్మానాన్ని బొంబాయి శాసనసభ 1923లో అంగీకరించింది. అంటే ఒక గృహస్థుడు తన ఇంట చేసినదానికి సర్కారు యాభైఅయిదేళ్ళు తీసికొన్నది. అప్పటికీ అది కాగితమే. 1927 మార్చి 20న మహాడ్ చవ్‌దార్ చెరువులో అంబేడ్కర్ గారు వేలమందితో దిగి నీరు త్రాగవలసి వచ్చింది. ఫూలే గారిని ఆయన తన గురువులలో ఒకరిగా చెప్పుకొన్నారు.

ఇప్పుడు మన కామాఠీపురలోని పాత చాళ్ళను తీసివేసి మేడలు కట్టే మాట నడుస్తున్నది. ప్రతి ఖోలీకి వేరు నల్లా వస్తుంది, సంతోషమే. కాని వరండా, మెట్ల మొగ, పిల్లలు ఆడుకొనే గల్లీ, ఉగాది పందిరి వేసే జాగా ఎవరిచేత, ఎవరిని అడిగి గీయబడతాయో మనం సమావేశాలకు పోయి అడగవలసి ఉన్నది. ఆ సమావేశాలకు అద్దెకున్నవారినీ, ఆడవారినీ, ఒకనాడు మనం నల్లా కడిగిన ఇంటివారినీ కూడ పిలుస్తామా?

కిందటేడు సెలవు దినాన పూనా వెళ్ళి గంజ్ పేటలోని ఆ ఇల్లు చూశాను. తనను ఉప్పుతో పూడ్చిపెట్టమని ఫూలే గారు మరణశాసనంలో కోరారు. నివాసాల నడుమ కూడదని, ఆయన ఆరేండ్లు సభ్యులుగా ఉన్న మునిసిపాలిటీయే అనుమతి ఇవ్వలేదు. దహనం చేసి అస్థులను ఆ ఇంటనే ఉంచారు. పైన తులసికోట ఉన్నది. ఆవరణలో బావి కూడ ఉన్నది. దాని ప్రక్కన కొంతసేపు నిలబడ్డాను. మా నాయనమ్మ బ్రతికి ఉన్నప్పుడే ఆమెను అక్కడికి తీసికొని పోవలసినది.