పది పౌండ్లతో లండన్ చేరి ఇంగ్లిష్ ఛానెల్ ఈదిన లాయరు మిహిర్ సేన్

మనలో చాలామందికి వైఎంసీఏ అంటే పిల్లల్ని క్లాసులో దింపి, బయట కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకునే చోటు. ఈమధ్య ఆ కుర్చీలోంచి లేచి తామే కొలనులో దిగుతున్న తెలుగువాళ్లు ఎక్కువవుతున్నారు. మొదట ఆరోగ్యం కోసమని మొదలవుతుంది. ఆర్నెల్లు తిరిగేసరికి టైమింగు, ఆ తర్వాత పోటీలు, ఆపైన సముద్రం. ఇంట్లో ఎందుకీ పిచ్చి అనే ప్రశ్న కూడా అప్పుడే మొదలవుతుంది. ఆ పిచ్చి మన దేశం నుంచి వలస వెళ్లిన ఒక కుర్రాడికి డెబ్బై ఏళ్ల కిందటే పట్టింది. ఆయన కూడా మొదట వైఎంసీఏ కొలనులోనే దిగాడు.

మిహిర్ సేన్ 1930 నవంబరు 16న పురూలియాలో పుట్టారు. అది ఇప్పుడు పశ్చిమ బెంగాల్లో ఉంది. తండ్రి డాక్టరే అయినా ఇంట్లో డబ్బుకు కటకటే. పిల్లల చదువు కోసం కుటుంబం కటక్ చేరితే, తల్లి లీలావతి పాలు, గుడ్లు అమ్మి కొడుకును చదివించారు. ఒడిశాలో లా పూర్తిచేశాక బారిస్టర్ అవ్వాలని పట్టుపట్టిన ఆ కుర్రాడికి బిజూ పట్నాయక్ సాయం చేశారు. 1950లో ఓడెక్కినప్పుడు సేన్ దగ్గర ఉన్నవి ఒక పెట్టె, ఒకవైపు టికెట్టు, పది పౌండ్లు.

లండన్‌లో రాత్రిపూట రైల్వే స్టేషన్‌లో సామాన్లు మోసే పని చేశారు. తర్వాత ఇండియా హౌస్‌లో ఉద్యోగం దొరికింది. లింకన్స్ ఇన్‌లో పేరు నమోదు చేసుకుని, ఉద్యోగం చేస్తూనే చదివి 1954లో బారిస్టర్ అయ్యారు. బెల్లా వైన్‌గార్టెన్ అనే అమ్మాయితో పరిచయమూ అక్కడే, పెళ్లీ అక్కడే. ఇక్కడితో ఆగినా మన పెద్దవాళ్ల లెక్కలో ఆయన జీవితంలో స్థిరపడినట్టే.

ఛానెల్ ఈదిన అమెరికన్ మహిళ ఫ్లోరెన్స్ చాడ్విక్ గురించి పత్రికలో చదివి, తన దేశం తరఫున తానెందుకు ఈదకూడదనుకున్నారు సేన్. అప్పటికి ఆయన ఈత అంతంతమాత్రమే. వైఎంసీఏలో చేరి ఫ్రీస్టైల్ మొదటి నుంచి నేర్చుకున్నారు.

డోవర్ నుంచి ఫ్రాన్స్ తీరం మ్యాప్ మీద 33 కిలోమీటర్లే. కానీ ఆటుపోట్లు ఆరేసి గంటలకు దిశ మార్చుకుంటూ మనిషిని పక్కకు లాగేస్తాయి కాబట్టి, తిన్నగా వెళ్లడం ఎవరి తరమూ కాదు. వేసవి చివర్లో కూడా నీళ్లు వణికిస్తాయి. పక్కనే పడవ ఉంటుంది గానీ దాన్ని ముట్టుకుంటే ఆ ప్రయత్నం చెల్లదు. పడవకు డబ్బు కట్టాలి, వాతావరణం కుదరాలి, అదీ జులై నుంచి సెప్టెంబరు లోపే. ఉద్యోగస్తుడికి అసలు చిక్కు ఇదే. మనం సెలవు పెట్టిన రోజునే సముద్రం శాంతంగా ఉండాలని రూలేమీ లేదు. సేన్ ఒకటికి నాలుగుసార్లు దిగి విఫలమయ్యారు. విఫలమైన ప్రతిసారీ మళ్లీ డబ్బు కూడబెట్టుకోవాలి, మళ్లీ చలి నీళ్లలో సాధన చేయాలి. నా మటుకు నాకు ఆయన రికార్డుల కన్నా ఈ ఏళ్లే పెద్దవిగా కనిపిస్తాయి.

1958 సెప్టెంబరు 27న 14 గంటల 45 నిమిషాల్లో అవతలి ఒడ్డు చేరారు. ఛానెల్ ఈదిన మొదటి భారతీయుడు ఆయనే. అయితే అంతకు నెల ముందే తూర్పు పాకిస్తాన్ ఈతగాడు బ్రజేన్ దాస్ ఛానెల్ దాటారు కాబట్టి, కొందరు రాసినట్టు ఆసియాలోనే మొదటివాడనడం సరికాదు. మరుసటి ఏడాది పోటీకి కలకత్తా అమ్మాయి ఆరతీ సాహా పేరును ఛానెల్ పోటీ నిర్వాహకులకు సూచించింది బ్రజేన్ దాసే. 1959లో ఆమె కూడా ఈదింది, రెండో ప్రయత్నంలో.

భార్యతో ఇండియా తిరిగొచ్చి కలకత్తా హైకోర్టులో క్రిమినల్ ప్రాక్టీసు పెట్టారు. 1959లో పద్మశ్రీ వచ్చింది. అంతటితో చాలనుకోలేదు. ఒకే ఏడాదిలో అయిదు ఖండాల జలాలు ఈదాలనుకున్నారు. మొదటిది మన పాక్ జలసంధి. నౌకాదళం తోడు రావాలంటే 45,000 రూపాయలు కావాలి. 1966లో అది మామూలు మొత్తం కాదు. కొంత స్టేట్స్‌మన్ పత్రిక ద్వారా సమకూరింది, మిగతాదానికి ఇందిరా గాంధీ సాయపడ్డారు. ఏప్రిల్ 5న శ్రీలంకలోని తలైమన్నార్‌లో దిగి, రాత్రంతా ఈది, 25 గంటల 36 నిమిషాలకు ధనుష్కోటి చేరారు. 1964 డిసెంబరు తుపానుకు తుడిచిపెట్టుకుపోయిన ఊరది. (ఇదే జలసంధిని 2021లో మన హైదరాబాద్ గోలి శ్యామల ఈదారు. ఆమె కూడా పెద్దయ్యాక ఈత నేర్చుకున్నవారే.)

ఆగస్టులో జిబ్రాల్టర్. సెప్టెంబరులో డార్డనెల్స్, బాస్ఫరస్. అక్టోబరు చివర్లో పనామా కాలువను ఈ చివర నుంచి ఆ చివరకు 34 గంటల 15 నిమిషాలు ఈదారు. 1967లో పద్మభూషణ్ ఇచ్చారు.

కోర్టు నుంచి ఆయన పట్టు ఎగుమతుల వ్యాపారానికి మారారు. కొన్నేళ్లు బాగానే సాగింది. 1977 ఎన్నికల్లో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి ఓడారు. ఆ తర్వాత కార్మిక గొడవల్లో వ్యాపారం దెబ్బతిని మూతపడింది. కూడబెట్టినదంతా కరిగిపోయింది. ఆ వరసలోనే అల్జీమర్స్, పార్కిన్సన్స్ పట్టుకున్నాయి. చల్లటి నీళ్లలో పధ్నాలుగు గంటలు చేతులాడించిన మనిషికి ఒళ్లు వణికే జబ్బు, ఏ ఏడాది ఏ సముద్రమో గుర్తుండాల్సిన మనిషికి మరపు జబ్బు. వైద్యం ఖర్చులకు కుటుంబం చాలా అవస్థ పడింది. 1997 జూన్ 11న కలకత్తాలో మిహిర్ సేన్ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 66.