రొట్టెకు వెల కట్టని సేవకుడు

జాన్ ఎవరెట్ క్లౌ దొరగారి పేరు వినని తెలుగు బాప్టిస్టు సంఘం ఉండదేమో. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మన జూబిలీ సభల్లో తరచుగా వింటూనే ఉంటాం. ఆ అంకె మనందరికీ కంఠతా వచ్చు. అయితే దానికి ముందు పదిహేను నెలలపాటు ఆ మిషన్‌లో ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదన్న సంగతిని మనం అంతగా చెప్పుకోము. ఈ వారం ఆ పదిహేను నెలలను ధ్యానిద్దాం.

క్లౌ గారు 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. యౌవనంలో మిన్నెసోటా ప్రాంతంలో భూములు కొలిచే సర్వే బృందంతో పనిచేశారు. అడవుల్లో, చిత్తడి నేలల్లో గొలుసు లాగుతూ కొలతలు నేర్చుకున్నారు. ప్రభువును ఎరిగింది ఆ తరువాత, చదువుకునే రోజుల్లో. 1864 చివర భార్య హ్యారియెట్ గారితో కలిసి ఓడ ఎక్కి, 1866లో ఒంగోలులో స్థిరపడ్డారు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో అక్కడ సంఘం ఏర్పడింది. మూసివేయాలా, కొనసాగించాలా అని అమెరికాలో పలుమార్లు తర్జనభర్జన జరిగిన మిషన్ అది. యెర్రగుంట్ల పేరయ్య వంటి విశ్వాసుల ద్వారా సువార్త మాదిగ పల్లెల్లో ఇంటింటికీ, బంధువు నుండి బంధువుకూ పాకింది.

1876లో వానలు ముఖం చాటేశాయి. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకున్న కరువు అది. దక్షిణ దేశమంతటా లక్షలాది మందిని పొట్టన పెట్టుకుంది. రైతు కళ్లంలో గింజ లేకపోతే, కళ్లం దగ్గర మేర కోసం నిలబడే మాదిగ కుటుంబానికి ఏం మిగులుతుంది? ఆ రోజుల్లో ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. క్లౌ గారు ఆ కాలువలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకున్నారు. ఎప్పుడో మిన్నెసోటాలో నేర్చిన సర్వే విద్య అప్పుడు అక్కరకొచ్చింది. దేవుడు మన చేతికి నేర్పిన ఏ పనినీ వృథా పోనివ్వడు.

సంఘ బోధకులే ఆ పనికి మేస్త్రీలయ్యారు. మగవారు పార పట్టారు, ఆడవారు తట్టలు మోశారు. తవ్విన మట్టికి లెక్క కట్టి కూలి ఇచ్చారు. ఇది భిక్ష కాదు, కష్టార్జితం. ఎవరూ తల వంచుకోనక్కరలేకుండా తిన్న కూడు అది. కొద్దిసేపు పని ఆపి కూర్చున్నప్పుడు, అలసినవారిని దగ్గరకు పిలిచే ప్రభువును గురించి బోధకులు చెప్పేవారు. విన్నవారిలో చాలామంది బాప్తిస్మం అడిగారు.

క్లౌ గారు ఇవ్వలేదు. కూలీ సహాయమూ తన చేతి మీదుగా అందుతున్నంతకాలం, అడుగుతున్నది క్రీస్తునో కూటినో తేల్చడం కష్టమని ఆయనకు తెలుసు. ఆకలితో ఉన్న మనిషి నోట వచ్చిన అవునును అడ్డం పెట్టుకొని సంఘపు లెక్క పెంచుకోవడం ఆయనకు ఇష్టం లేకపోయింది. అందుకే 1877 మార్చి నుండి పదిహేను నెలలు ఆగారు.

1878లో పరిస్థితి మారింది. కరువు పనులూ సహాయమూ ముగింపుకు వచ్చాయి. ఇక ఇవ్వడానికి డబ్బు లేదని చెప్పి పంపారు. అయినా ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డునున్న వెల్లంపల్లికి జనం వేలల్లో వచ్చారు. తమకు సహాయం వద్దనీ, తమ కష్టం మీద తాము బతుకుతామనీ, క్రీస్తు సంఘంలో మాత్రం చేర్చుకోవాలనీ వేడుకున్నారు. బోధకులు ఒక్కొక్కరి విశ్వాసాన్ని విచారించారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. రెండో రోజున ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలోకి దిగి ఆ సేవ జరిపించారు. ఇంత మందికి ఒకేసారా అని సందేహించినవారు మిషన్ మిత్రుల్లోనే ఉన్నారు. వారికి క్లౌ గారు చూపించగలిగిన జవాబు ఆ పదిహేను నెలలే.

యోహాను సువార్త ఆరవ అధ్యాయంలో ప్రభువు చేసినదీ ఇదే కదా. ఆకలిగొన్న అయిదు వేల మందిని కూర్చోబెట్టి పెట్టాడు. ఎవరు నమ్ముతారో ముందుగా విచారించలేదు. మరునాడు రొట్టె కోసం వెతుక్కుంటూ వచ్చినవారిని మాత్రం శిష్యులుగా లెక్కపెట్టుకోలేదు. వారు నొచ్చుకున్నా సత్యమే చెప్పాడు. పెట్టడానికి షరతు లేదు, వెంబడించడానికి మాత్రం హృదయం కావాలి.

ఈ రోజుల్లో వరదలు, తుపానులు వచ్చినప్పుడు మన సంఘాలు ముందుకు దూకుతున్నాయి. బియ్యం మూటలు, దుప్పట్లు, వండిన అన్నం పంచుతున్నాయి. దేవునికి స్తోత్రం. అయితే మూట వెనుక ఫ్లెక్సీ, మూట అందుకునే చేతికి ఫోటో, ఆదివారం ఆరాధనకు రమ్మనే షరతు ఉంటే మాత్రం, అది సాయం కాదు, బేరం. ఆశ చూపి చేర్చుకుంటున్నారన్న నింద మనమీద ఉంది. ఆ నిందకు వాదనతో జవాబు చెప్పలేము. మన నడవడే జవాబు చెప్పాలి.

అలాగని సువార్తను దాచుకోమని మేము అనడం లేదు. కాలువ గట్టున బోధకులు నోరు కట్టుకోలేదు. అడిగినవారికి తమ నిరీక్షణను చెప్పారు. కానీ వినకపోయినంత మాత్రాన ఎవరి కూలీ తెగలేదు, విన్నందుకు ఎవరికీ ఎక్కువ ముట్టలేదు. ఈ రెంటినీ వేరుగా ఉంచడానికి గొప్ప ఓర్పు కావాలి. ఫలితం వెంటనే కనబడని సేవను భరించే ఓర్పు అది.

సంఘ పెద్దలకు, స్త్రీల సమాజాలకు, యౌవనస్థులకు మా మనవి ఒక్కటే. ఈసారి సహాయానికి బయలుదేరే ముందు కమిటీలో ఒక ప్రశ్న వేసుకోండి. వీరిలో ఒక్కరు కూడా ఎన్నటికీ మన గుడి మెట్లు ఎక్కరని ముందే తెలిసినా, మనం ఇంతే ఇస్తామా? ఇస్తామని నిండు మనసుతో చెప్పగలిగితే బయలుదేరండి. పంటకోత కాలం ప్రభువు చేతిలో ఉంది.