కాగితంపై చూసి, తర్వాతే యంత్రం: రోబోలకు ముందే ఒక ఇస్మాయిల్ అల్ జజరీ

రోబో అనగానే జపాన్, జర్మనీ గుర్తొస్తాయి. కానీ 800 ఏళ్ల కిందటే నీటి బలంతో కదిలే బొమ్మలు చేసి, వాటి తయారీని కొలతలతో సహా రాసిపెట్టిన ముస్లిం ఇంజనీరు ఇస్మాయిల్ అల్ జజరీ.

టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల మధ్య ఎగువనున్న అల్ జజీరా ప్రాంతం పేరే ఆయనకూ వచ్చింది. నేటి టర్కీలోని దియార్‌బకర్‌లో అర్తుఖీ పాలకుల దగ్గర సుమారు 25 ఏళ్లు కొలువు చేశారు. వుజూకు నౌకర్లు చేతులపై నీళ్లు పోయడం సుల్తాన్ నాసిరుద్దీన్ మహమూద్‌కు నచ్చేది కాదు. అందుకని జజరీ నీళ్లు పోసే బొమ్మనే తయారుచేశారు. సుల్తాన్ కోరితే 50 యంత్రాలపై పుస్తకం రాసి 1206లో ముగించారు. పేరుమోసిన ఏనుగు గడియారం అందులోదే. దాని నమూనా ఇప్పుడు దుబాయ్‌లోని ఇబ్న్ బతూతా మాల్‌లో ఉంది.

ఆయన గొప్పతనం బొమ్మల కంటే పద్ధతిలో ఉంది. పెద్దలు రాసినా సరే, చేసి చూడనిదే నమ్మేవారు కాదు. ముందు కాగితంతో నమూనా, తర్వాత చెక్క అచ్చులు, ఆపైనే లోహం. నీరు కారే రంధ్రాన్ని కూడా నీళ్లు పోసి చూసే ఖాయం చేసేవారు. అది కాస్త పెద్దదైనా గడియారం టైం తప్పుతుంది మరి.

ఎమ్మిగనూరు నేతన్నలకు ఇది కొత్త కాదు. జకార్డ్ మగ్గానికి ముందు గ్రాఫ్ కాగితంపై డిజైన్ గీసి, ఆ లెక్కన అట్టలకు రంధ్రాలు కొడతారు. నేటి ఆఫ్‌లైన్ రోబో ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ చేసేదీ అదే. ఫ్యాక్టరీలో పని ఆపకుండా, రోబో చెయ్యి అందుతుందా, దేనికైనా తగులుతుందా, ఎన్ని సెకన్లు పడుతుందో తెరమీదే చూపిస్తుంది.

రోబోడీకే, రోబోట్‌స్టూడియో లాంటివి కొన్నాళ్లు ట్రయల్‌గా దొరుకుతాయి. ఆదోని, ఎమ్మిగనూరు పాలిటెక్నిక్ పిల్లలు ఆ రోజులను కంపెనీ ఇచ్చిన డెమోలు చూస్తూ గడిపేస్తే లాభం లేదు. మన పనిలోంచి ఒకటి, పత్తి బేళ్లు ఎత్తి పేర్చడం లాంటిది, పెట్టి చూడాలి. కావాల్సిన రోబో మోడల్ అందులో ఉందా, రాసిన ప్రోగ్రాం అసలు రోబోకు పనికొచ్చేలా బయటికి వస్తుందా తేల్చుకోవాలి. డబ్బు కట్టేది ఆ తర్వాతే. తెరమీద సరిపోయినా, అసలు యంత్రం దగ్గర కొలత మళ్లీ సరిచూడక తప్పదు.

కాగితం నమూనా కుదిరిందని జజరీ నీళ్లు పోసి చూడటం మానలేదు. ఆయన పుస్తకం ఇన్ని శతాబ్దాలు నిలిచింది ఆ ఓపిక వల్లే.