ఉద్యోగ విరమణ తర్వాత విశ్వేశ్వరయ్య గారు

మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పేరు వినని పెన్షనరు ఉండడు. ఏటా సెప్టెంబరు 15న జరుపుకునే ఇంజనీర్ల దినం వారి పుట్టిన రోజే. వారి సమయపాలన గూర్చి, నిజాయితీ గూర్చి ప్రచారంలో ఉన్న కథలు మనం పిల్లలకు చెప్పినవే. నేను ఆ కథల జోలికి పోవడం లేదు. ఆయన బొంబాయి సర్కారు కొలువు నుండి విరమించినది 1908లో. ఆ తర్వాత 54 సంవత్సరాలు జీవించారు. ఆయనకు పేరు తెచ్చిన పనులలో ఎక్కువ భాగం ఆ 54 సంవత్సరాలలో చేసినవే. అందులో మొదటిది హైదరాబాదు నగరానికి చేసిన మేలు. మన ప్రత్యేక సంచికకు ఆ విషయమే తగినదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

వారు 1860లో చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దేనహళ్ళిలో జన్మించారు. మన హిందూపురం వారికి అది పొరుగు సీమ. తాడిమర్రి మండలంలో ప్రవహించే చిత్రావతి కూడా ఆ చిక్కబళ్ళాపురం కొండల వైపు నుండి వచ్చేదే. ఇంట తెలుగు మాట్లాడే కుటుంబం. వారి పూర్వీకుల ఊరు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. తండ్రి శ్రీనివాస శాస్త్రి గారు, తల్లి వెంకటలక్ష్మమ్మ గారు. చిన్నతనంలోనే తండ్రి పోవడంతో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బెంగుళూరులో చదివి 1881లో బి.ఏ. పాసయ్యారు. తర్వాత పూనాలో ఇంజనీరింగు చదివి 1884లో బొంబాయి ప్రభుత్వంలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరారు.

సింధులోని సుక్కూరు పట్టణానికి మంచినీటి పథకం, పూనా దగ్గర ఖడక్‌వాస్లా ఆనకట్టకు 1903లో అమర్చిన స్వయంచాలక గేట్లు ఆయన సర్వీసులోని ముఖ్యమైన పనులు. ఆ గేట్లు కట్ట ఎత్తు పెంచకుండానే అదనపు నీరు నిలిపేవి. నీరు హద్దు దాటితే వాటంతట అవే తెరుచుకునేవి. సుమారు 24 ఏళ్ళ సర్వీసు తర్వాత స్వచ్ఛందంగా విరమించుకుని విదేశ యాత్రకు వెళ్ళారు.

సరిగ్గా ఆ సంవత్సరమే, 1908 సెప్టెంబరు 28న, మూసీ నది పొంగి హైదరాబాదును ముంచివేసింది. చనిపోయిన వారు సుమారు 15,000 మంది అని అంచనా. వంతెనలు తెగిపోయాయి, పేటలకు పేటలే తుడిచిపెట్టుకు పోయాయి. అప్పటి పాలకులు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ గారు. వారి ప్రభుత్వం విదేశాలలో ఉన్న విశ్వేశ్వరయ్య గారికి కబురు పంపింది. 1909 ఏప్రిల్‌లో ఆయన హైదరాబాదు వచ్చి పని మొదలుపెట్టారు.

వరద వచ్చినది నగరంలో గనుక అందరి చూపూ నగరం మీదే ఉంది. ఆయన మాత్రం నది ఎగువకు వెళ్ళి లెక్కలు తీశారు. ఆ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉన్నట్లు, వాటిలో 221 చెరువులు తెగినట్లు తేలింది. అవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువుకు గండి పడితే ఆ నీరంతా క్రింది చెరువు మీద పడుతుంది, అదీ తెగుతుంది. అలా ఒకదాని నీరు మరొకదానితో కలిసి చివరకు నగరం మీద పడింది. రాయలసీమ వారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కర లేదు. బుక్కపట్నం చెరువు, ధర్మవరం చెరువు రెండూ చిత్రావతి నీటితో నిండేవే కదా.

ఆయన ఇచ్చిన నివేదికలో రెండు భాగాలు ముఖ్యమైనవి. మొదటిది, నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి పెద్ద జలాశయాలు కట్టి వరదను అక్కడే ఆపి మెల్లగా వదలడం. రెండవది, నగరంలో నది గట్లు ఎత్తు చేయడం, ఒడ్డున రోడ్లు, ఉద్యానవనాలు వేయడం, భూమి లోపల మురుగు కాలువల వ్యవస్థ ఏర్పరచడం. కంటికి కనపడే మేడల కంటే కనపడని మురుగు కాలువకు ఆయన ఎక్కువ విలువ ఇచ్చారు. 1909 నవంబరులో మైసూరు చీఫ్ ఇంజనీరు పదవికి వెళ్ళిపోయినా, ఆ నివేదిక బీరువాలో మూలపడలేదు. 1912లో నగర అభివృద్ధి మండలి ఏర్పడింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరద ఆపడానికి కట్టినవే నగరానికి త్రాగునీరు కూడా ఇచ్చాయి.

మైసూరులో వారి సేవలు లోక విదితం. కృష్ణరాజసాగర్, 1912 నుండి 1918 వరకు దివాన్ గిరీ, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం. 1934లో దేశానికి ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థ కావాలని పుస్తకం వ్రాశారు. తొంభై ఏళ్ళు దాటిన తర్వాత కూడా గంగానది మీద వంతెన ఎక్కడ కట్టాలో తేల్చే పని చేశారు. 1955లో భారతరత్న వచ్చింది. 1962 ఏప్రిల్‌లో కీర్తిశేషులయ్యారు.

వారు నేర్పిన పాఠం మనం నిలుపుకున్నామా అన్నది ఆలోచించవలసిన విషయం. ఆ రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాలలో, పెద్ద కట్టడాలపై 1996లో 111వ నంబరు జి.ఓ. ఆంక్షలు పెట్టింది. 2022లో 69వ నంబరు జి.ఓ. వాటిని సడలించింది. ఈ మధ్యలో 2000 ఆగస్టులోను, 2020 అక్టోబరులోను హైదరాబాదు మళ్ళీ మునిగింది. నాలాల ప్రక్కన, చెరువుల దిగువన ఇళ్ళు కట్టుకున్న వారు ఎక్కువ నష్టపోయారు. మన వైపు చూస్తే 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీలు నీట మునిగాయి. కరువు సీమకు వరద భయం లేదనుకోవడం పొరపాటు.

నేను తాలూకా కచేరీలో గుమాస్తాగా ఉండగా అడంగలు, ఎఫ్.ఎం.బి. నక్షాలు ఎన్నో ప్రతులు తీశాను. వాటిలో వంక పోరంబోకు, చెరువు పోరంబోకు అని వ్రాసిన సర్వే నంబర్లు స్పష్టంగా ఉండేవి. పదేళ్ళు వానలు లేకపోతే ఆ వంక నేల మీద కనపడదు, నక్షాలో మాత్రం ఉంటుంది. పెద్ద వాన వచ్చిన నాడు నీరు తన పాత దారినే వెతుక్కుంటుంది.

మనలో చాలామంది రిటైరయినప్పుడు వచ్చిన సొమ్ముతో పిల్లల కోసం ఇంటి స్థలం కొంటున్నారు. లేఅవుటు రంగుల కాగితం ఒక్కటే చూడక, ఆ సర్వే నంబరు పాత రికార్డులో ఏమని ఉందో, చెరువు మరువ నీరు ఎటు పోతుందో, మురుగు ఎక్కడికి చేరుతుందో విచారించిన మీదటే అడ్వాన్సు ఇవ్వవలసిందిగా మనవి. ఊరిలో వంక ఎక్కడ పారేదో చెప్పగలిగిన వారు ఇప్పుడు మన వయసు వారే. గ్రామ సభలలో, మునిసిపాలిటీలలో ఆ సంగతి చెప్పడానికి మనకు పదవి అక్కర లేదు. విశ్వేశ్వరయ్య గారు హైదరాబాదును కాపాడే ఉపాయం చెప్పిన నాటికి వారు కూడా మనలాగే సర్వీసు నుండి విరమించిన వారే.